ట్రంకు పెట్టెలో ‘దొరికిన’ రసీదు: ఒక ప్రామిసరీ నోటు దావా

ఏ సివిల్ కోర్టు లిస్టు చూసినా ఇలాంటి కేసులు నాలుగైదు కనిపిస్తాయి. ప్రామిసరీ నోటు మీద డబ్బు దావా, బాకీ తీర్చేశానన్న డిఫెన్సు, సాక్ష్యం సగం నడిచాక ఎక్కడి నుంచో ఊడిపడ్డ ఒక రసీదు. నేను వాది తరఫు లాయరును. పేర్లు, ఊరు చెప్పను. ఇంత మామూలు కేసు గురించి ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. అవతలివాళ్లు ఆలస్యంగా తెచ్చిన కాగితాన్ని ఆపమని మన కోర్టుల్లో వేసే కౌంటర్లలో (అవతలివాళ్ల పిటిషన్‌కు ఇచ్చే జవాబుల్లో) చాలావరకు ‘ఆలస్యంగా వేశారు, కారణం సరిగ్గా లేదు, కొట్టేయండి’ అన్నదాంతోనే ముగుస్తాయి. ఐఏ (దావా మధ్యలో వేసే పిటిషన్) అలౌ అయ్యాక కోర్టు హాలు బయట నిలబడి ‘ఈ కోర్టులో రూల్సు ఎవరిక్కావాలండీ’ అనుకోవడం మామూలే. నిజానికి ఆలస్యాన్ని చూసి కాగితాన్ని ఆపే కోర్టులు తక్కువ. ఆ కాగితం వస్తే అవతలివాళ్ల కథే మారిపోతుందనీ, మారిన కథకు జవాబు చెప్పుకునే దశ మనకు దాటిపోయిందనీ చూపించాలి. ఈ కేసులో రసీదు ఆగింది అందుకే.

దావా, జవాబు

2018 జనవరిలో ప్రతివాది 8 లక్షలు తీసుకుని నోటు రాసిచ్చాడు. నూటికి రెండు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి 24 శాతం. నోటు రాసింది ఊళ్లో దస్తావేజులు రాసే పెద్దాయన. సాక్షి సంతకం ఒకటి ఉంది. తర్వాత రెండు దఫాలు, 60 వేల చొప్పున, ప్రతివాది ఖాతా నుంచి నా క్లయింటు ఖాతాలో వడ్డీ పడింది. ఆ రెండు మొత్తాలూ ప్లెయింటులోనే (దావా పత్రంలోనే) చెప్పి, లెక్కలో తగ్గించి చూపించాం. డిమాండు నోటుకు లిమిటేషన్ (దావా వేసే గడువు) మూడేళ్లు కాబట్టి 2020 డిసెంబరులో దావా వేశాం. కోవిడ్ కారణంగా లిమిటేషన్ గడువును సుప్రీంకోర్టు అప్పటికే పొడిగించి ఉన్నా, దాని మీద ఆధారపడే అవసరం రానివ్వలేదు.

2021లో రిటెన్ స్టేట్‌మెంట్, అంటే ప్రతివాది రాతపూర్వక జవాబు, వచ్చింది. అందులో పనికొచ్చేది ఒక్క పేరానే. దావా నోటు బాకీ మొత్తం ఎప్పుడో తీర్చేశాననీ, అందుకు వాది రసీదులు ఇచ్చాడనీ, నోటు మాత్రం తిరిగివ్వకుండా దగ్గర పెట్టుకుని అన్యాయంగా దావా వేశాడనీ రాశారు. ఎంత ఇచ్చాడు, ఏ రోజు ఇచ్చాడు, ఎవరి ఎదుట ఇచ్చాడు, ఎన్ని రసీదులు? ఒక్కటీ లేదు. కింద డాక్యుమెంట్ల లిస్టులో ‘నిల్’ అని ఉంది.

ఈ ‘నిల్’ విలువ తెలియాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 8 (ఆర్డర్ అంటే ఇక్కడ కొన్ని రూల్సున్న అధ్యాయం) చూడాలి. 2002 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన రూల్ 1ఏ ప్రకారం, ప్రతివాది తన డిఫెన్సుకు ఆధారం చేసుకునే కాగితం తన దగ్గరుంటే దాన్ని లిస్టులో రాసి, రిటెన్ స్టేట్‌మెంట్‌తో పాటే కోర్టులో దాఖలు చేయాలి. తన దగ్గర లేకపోతే ఎవరి దగ్గరుందో చెప్పాలి. ఈ రెండూ చేయకపోతే, కోర్టు అనుమతి లేకుండా ఆ కాగితాన్ని విచారణలో సాక్ష్యంగా తీసుకోరు. ఇదే మాట వాదికి ఆర్డర్ 7 రూల్ 14లో ఉంది. దీనికంటే పాత రూల్ 2ను మనవాళ్లు అంతగా పట్టించుకోరు. ముందే చెప్పకపోతే అవతలి పక్షాన్ని హఠాత్తుగా ఇరకాటంలో పెట్టే డిఫెన్సులన్నీ జవాబులోనే స్పష్టంగా తీసుకోవాలంటుంది ఆ రూల్. ఉదాహరణలుగా అది చెప్పేవాటిలో బాకీ చెల్లింపు కూడా ఉంది. అందుకని ‘తీర్చేశాను’ అన్న ఒక్క ముక్కతో సరిపెట్టడం కుదరదు.

ఒక నోటీసు

రిటెన్ స్టేట్‌మెంట్ చదవగానే నాకు ఆనింది ‘రసీదులు ఇచ్చాడు’ అన్న మాట. నా క్లయింటును పిలిచి అడిగాను. ‘నేనెప్పుడూ రసీదు రాసివ్వలేదండి, ఇచ్చిన డబ్బు ఏదున్నా బ్యాంకులోనే పడింది’ అన్నాడు. అప్పుడు ఇష్యూలు, అంటే కోర్టు తేల్చాల్సిన ప్రశ్నలు, ఇంకా ఫ్రేమ్ కాలేదు.

అవతలివాళ్ల నుంచి జవాబులు, కాగితాలు రాబట్టే ఆర్డర్ 11 మన వైపు దుమ్ము పట్టిన ఆర్డర్. ఇంటరాగేటరీలు, డిస్కవరీ అంటే ‘అవన్నీ హైకోర్టు ఒరిజినల్ సైడ్ వాళ్లకి’ అన్నట్టు మాట్లాడతారు. అందులో రూల్ 15 మాత్రం ఎవరైనా వాడుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. అవతలివాళ్లు తమ ప్లీడింగ్‌లోనో (దావా పత్రం లేదా దాని జవాబు) అఫిడవిట్‌లోనో ఏదైనా డాక్యుమెంటును ప్రస్తావిస్తే, ఇష్యూలు ఫ్రేమ్ అయ్యేలోపు దాన్ని చూపించమని నోటీసు ఇవ్వొచ్చు. దానికి అనుబంధం సీలో నమూనా ఫారం కూడా ఉంది. చూపించకపోతే, తగిన కారణం చెప్పి కోర్టును ఒప్పిస్తే తప్ప, ఆ తర్వాత ఆ డాక్యుమెంటును తన తరఫున సాక్ష్యంగా వేసుకునే హక్కు ఉండదు.

ప్రతివాది లాయరు గారికి ఆ నోటీసు ఇచ్చాం. ‘మీ రిటెన్ స్టేట్‌మెంట్‌లో ఫలానా పేరాలో చెప్పిన రసీదులు చూపించండి, కాపీలు తీసుకుంటాం’ అని నాలుగు లైన్లు. ఆయన గుమాస్తా సంతకం పెట్టి తీసుకున్నాడు. జవాబు రాలేదు. ఆ సంతకం ఉన్న ఆఫీసు కాపీని ఒక మెమోతో కోర్టు ఫైల్లో పెట్టించాం. రూల్ 18 కింద, చూపించేలా ఆర్డర్ వేయమని పిటిషన్ వేయొచ్చు. కావాలనే వేయలేదు. వేస్తే కోర్టు గడువిస్తుంది, ఆ గడువులో ఏదో ఒక కాగితం తయారైనా ఆశ్చర్యం లేదు. అసలు రసీదులే లేవని నా క్లయింటు అంటున్నప్పుడు, వాటిని వెతికి తెమ్మని కోర్టు చేత చెప్పించడం మన పని కాదనిపించింది. ఈ విషయంలో నాతో ఏకీభవించని సీనియర్లు ఉన్నారు.

క్రాస్‌లో కథ మారింది

2022లో ఇష్యూలు ఫ్రేమ్ అయ్యాయి. నోటు బాకీ తీరిందా అన్నది ఒక ఇష్యూ, దాన్ని రుజువు చేసే బరువు ప్రతివాది మీద. 2023లో నా క్లయింటు పీడబ్ల్యూ1గా (వాది పక్షం మొదటి సాక్షిగా), నోటు రాసిన పెద్దాయన పీడబ్ల్యూ2గా బోనెక్కారు.

పీడబ్ల్యూ1ను రెండు వాయిదాల్లో గట్టిగానే క్రాస్ చేశారు (ఎదురు ప్రశ్నలు వేశారు). ఏం పండిస్తారు, పిల్లలు ఎక్కడుంటారు, 8 లక్షలు ఎక్కడివి, ఇన్‌కంటాక్సు కడతారా లాంటివన్నీ అయ్యాక ఒక సజెషన్ (తమ వాదనను ప్రశ్నగా సాక్షి ముందు పెట్టడం) వచ్చింది. ‘చీటీ లావాదేవీలో సెక్యూరిటీగా ప్రతివాది సంతకం పెట్టిన ఖాళీ నోటును మీరు నింపుకుని ఈ దావా వేశారంటే?’ ‘నిజం కాదు.’ ఇదే సజెషన్ పీడబ్ల్యూ2కూ పెట్టారు. ఆ పెద్దాయన కాస్త నొచ్చుకుని, ‘ఆ రాత నాదేనండి, నా కళ్లెదుటే డబ్బు లెక్కపెట్టుకున్నాడు’ అన్నాడు.

ఇద్దరి డిపొజిషన్లలోనూ (కోర్టు రాసుకున్న వాంగ్మూలాల్లోనూ) రసీదు అన్న మాటే లేదు. బాకీ తీర్చాడన్న సజెషన్ కూడా లేదు. రిటెన్ స్టేట్‌మెంట్‌లో ‘తీర్చేశాను’, క్రాస్‌లో ‘అసలు అప్పే తీసుకోలేదు, ఖాళీ నోటు’. ఈ రెండూ ఒకే ఒరలో ఇమడవు. డిపొజిషన్ కాపీ రాగానే ఆ పేజీలకు గుర్తులు పెట్టుకున్నాను. వాది సాక్ష్యం ముగిసింది.

మూడు కాగితాలు

2024 మొదట్లో ప్రతివాది చీఫ్ అఫిడవిట్ (తన సాక్ష్యాన్ని ప్రమాణం మీద రాసిచ్చేది) వేశాడు. దాంతో పాటు ఆర్డర్ 8 రూల్ 1ఏ సబ్‌రూల్ 3, సెక్షన్ 151 (కోర్టుకు సహజంగా ఉండే అధికారం) కింద ఒక ఐఏ. మూడు కాగితాలు తీసుకోమని ప్రార్థన: తన బ్యాంకు స్టేట్‌మెంటు, తన లెక్కల పుస్తకం, ఒక రసీదు. ఇన్నాళ్లూ ఎందుకు వేయలేదన్నదానికి అఫిడవిట్‌లో ఒకటే పేరా. సంక్రాంతికి ఇంటికి వెల్ల వేయిస్తుంటే అటక మీది ట్రంకు పెట్టెలో ఈ కాగితాలు దొరికాయి, అంతకుముందు ఎంత వెతికినా కనపడలేదు. ట్రంకు పెట్టె లేని ఐఏ నేను అరుదుగా చూశాను. కొన్నిట్లో అది పాత బీరువా అవుతుంది, కొన్నిట్లో చనిపోయిన నాన్నగారి గది.

రసీదు సంగతి చూద్దాం. పొడుగు నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం. 2019 ఆగస్టు తేదీ. ‘తమరు 2018 జనవరిలో నాకు వ్రాసి ఇచ్చిన ప్రామిసరీ నోటు తాలూకు అసలు, వడ్డీ బాబతు ఈ దినం రూ. 7,50,000 నగదుగా ముట్టినవి. నోటు వెతికి తిరిగి ఇవ్వగలవాడను.’ కింద రెవెన్యూ స్టాంపు, దాని మీదుగా నా క్లయింటుదని చెప్పే సంతకం. రాసినవాళ్ల పేరు లేదు, సాక్షి లేడు.

మన పల్లెల్లో నోటు బాకీ కింద డబ్బు కడితే చెల్లు నోటు వెనకే వేయించుకుంటారు. పూర్తిగా కడితే నోటు చింపించుకునో, సంతకం కొట్టేయించుకునో ఇంటికెళ్తారు. 60 వేలను బ్యాంకులో వేసినవాడు ఏడున్నర లక్షలు నగదుగా ఇచ్చి, నోటు వెనక్కి తీసుకోకుండా, ఒక్క మనిషిని కూడా పక్కన పెట్టుకోకుండా, చిత్తు కాగితం మీద రసీదుతో ఊరుకున్నాడంటే నమ్మడం కష్టం. అయినా ఐఏ దశలో కోర్టు తేల్చేది కాగితం నిజమా అబద్ధమా అని కాదు, తీసుకోవాలా వద్దా అని. అందుకే ఈ వాదనను కౌంటర్లో ఒక్క వాక్యానికి మించి పెంచలేదు.

అడ్డం పడాలా, వదిలేయాలా

ఆ రసీదులో ఒక చిత్రం ఉంది. అది నోటును ఒప్పుకుంటుంది. ‘2018 జనవరిలో వ్రాసి ఇచ్చిన నోటు’ అని తేదీతో సహా చెప్తుంది. రసీదు లోపలికి వస్తే ఖాళీ నోటు కథ అక్కడితో సరి. బాకీ తీర్చానని రుజువు చేసే బరువు పూర్తిగా ప్రతివాది నెత్తిన పడుతుంది. రానిస్తే మనకే లాభం కదా అని మా ఆఫీసులో జూనియరే అడిగింది. నా క్లయింటు మాటా అదే.

‘అయ్యా, ఆ సంతకం నాది కాదండి. నా సంతకంలో ఇంటిపేరు ముందొస్తుంది, ఇక్కడ చివర తగిలించాడు చూడండి. రానివ్వండి, అబద్ధమని తేలిపోద్ది గదా?’

‘తేలుతుందండి. ఎప్పటికి తేలుతుందన్నదే నాకు భయం. కాగితం సాక్ష్యంగా మార్కయ్యాక సంతకం మీది కాదని మనం అంటాం. ఎక్స్‌పర్టుకు పంపమంటారు. 2019 నాటి మీ సంతకాలు తేవాలి. రిపోర్టు రావాలి, ఆయన్ని కూడా క్రాస్ చేయాలి. మీరు మళ్లీ బోనెక్కాలి, నోటు రాసిన పెద్దాయన మళ్లీ రావాలి.’

‘ఆయనకి ఈమధ్య బాగోట్లేదండి.’

దాంతో నిర్ణయం అయిపోయింది. ఎక్స్‌పర్టు రిపోర్టు ఎటు వస్తుందో ఎవరూ పూచీ ఇవ్వలేరు. డెబ్బై దాటిన నా క్లయింటు డబ్బును ఆ జూదంలో పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. రసీదుకు అడ్డం పడదామనుకున్నాం, బ్యాంకు స్టేట్‌మెంటుకు మాత్రం అడ్డం పడొద్దనుకున్నాం.

ఆ స్టేట్‌మెంటులో ఉన్నవి మనం ప్లెయింటులో ఒప్పుకున్న రెండు ట్రాన్స్‌ఫర్లే. బ్యాంకువాళ్ల సర్టిఫికెట్‌తో ఉంది, నా క్లయింటు పాస్‌బుక్కులోనూ అవే ఎంట్రీలు ఉన్నాయి. దాన్ని కూడా ఆలస్యం పేరుతో వద్దంటే మిగతా రెంటి మీద మనం చెప్పేదాని బరువు తగ్గుతుంది. ‘మొదటి డాక్యుమెంటు మీద అభ్యంతరం లేదు’ అని కౌంటర్ మొదటి పేరాలోనే రాశాం. లెక్కల పుస్తకం గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. ప్రతివాది తన చేత్తో తానే రాసుకున్నది. వ్యాపార క్రమంలో రాసిన ఖాతా పుస్తకమైనా ఒక్క దాని ఆధారంగా ఎవరి మీదా బాధ్యత మోపలేరని సాక్ష్య చట్టం సెక్షన్ 34 చెప్తుంది. ఇది ఆ కోవలోకి కూడా రాదు. కొత్త భారతీయ సాక్ష్య అధినియం 2024 జూలై 1న వచ్చినా, అప్పటికే నడుస్తున్న కేసులకు 1872 నాటి చట్టమే వర్తిస్తుంది.

కౌంటర్, వాదనలు

కౌంటర్లో ఆలస్యం గురించి రెండు లైన్లే రాశాం. మిగతాదంతా మూడు విషయాల చుట్టూ నడిచింది. రసీదులు ఉన్నాయని 2021లోనే ప్రమాణం మీద చెప్పిన మనిషి, అవి కనపడటం లేదని ఆ రోజు ఎందుకు చెప్పలేదు? లిస్టులో ‘నిల్’ బదులు ‘రసీదులున్నాయి, వెతుకుతున్నాను’ అని రాయడానికి అడ్డమేంటి? రూల్ 15 నోటీసు అందాక కూడా ‘దొరికితే చూపిస్తాం’ అని ఒక్క ముక్క ఎందుకు రాయలేదు? చివరికి, ఏడున్నర లక్షలకు రసీదు పుచ్చుకున్నవాడు, కాగితం దొరకకపోయినా, పీడబ్ల్యూ1ను ‘2019 ఆగస్టులో డబ్బు తీసుకున్నారు కదా’ అని నోటిమాటగానైనా అడగాలి కదా? అడగకపోగా, ఆ రసీదుతో పొసగని ఖాళీ నోటు కథ సజెషన్‌గా పెట్టాడు. సంబంధించిన డిపొజిషన్ లైన్లను అక్షరం మార్చకుండా కౌంటర్లో ఎత్తి రాశాం. జడ్జి గారు ఫైలు తిరగేసి వెతుక్కునే పని లేకుండా చేయడం కౌంటర్లో సగం పని.

ఇంకో పేరా కూడా రాశాం, ఇది చాలామంది వదిలేస్తారు. కోర్టు ఐఏ అలౌ చేయదలిస్తే ఏ షరతులు పెట్టాలో మనమే అడగడం. వాది సాక్షుల్ని ప్రతివాది ఖర్చుతో రీకాల్ చేసి (మళ్లీ బోనెక్కించి) రెబట్టల్ (ఎదురు సాక్ష్యం) చెప్పుకోనివ్వాలి, ఎక్స్‌పర్టు ఫీజు ప్రతివాది భరించాలి, అంతా ఫలానా గడువులో ముగించాలి. దీనివల్ల కాగితాన్ని తీసుకుంటే విచారణ ఎంత వెనక్కి పోతుందో కూడా కోర్టు కళ్లకు కడుతుంది.

ప్రతివాది లాయరు గారు అనుభవజ్ఞుడు. రెండు సుప్రీంకోర్టు తీర్పులు పెట్టారు. 2020 నాటి సుగంధి కేసు సరిగ్గా ఈ సబ్‌రూల్ మీదే. విధివిధానాలు న్యాయానికి దాసీలు, కోర్టు ఉదారంగా చూడాలి అన్నది అందులోని సారం. రెండోది 2022లో మన ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన పెద్ద రెడ్డెమ్మ కేసు. అందులో డాక్యుమెంట్లు అసలే వద్దనడం కంటే ఆలస్యానికి ఖర్చులు వేసి తీసుకుని ఉండాల్సిందని సుప్రీంకోర్టు చెప్పింది. ఈ రెంటినీ పక్కనబెట్టి ట్రయల్ కోర్టు మన మాట వింటుందనుకోవడం అమాయకత్వం. అందుకే వాటికి ఎదురు తీర్పు వెతకడం మానేసి, వాటి లోపలే ఉన్నదాన్ని పట్టుకున్నాం. సుగంధి తీర్పులోనే ఒక షరతు ఉంది: విధానపరమైన లోపం ప్రత్యర్థికి తీవ్రమైన నష్టం చేయనప్పుడు. రెడ్డెమ్మ కేసులో మాట ఆలస్యం గురించి. ఆలస్యానికి ఖర్చులు పరిహారం అవుతాయి, నిజమే. ఇక్కడ మా ఫిర్యాదు ఆలస్యం కాదని, సాక్షులిద్దరూ ఒక కథకు జవాబు చెప్పి దిగిపోయాక ఇంకో కథకు కాగితం పుట్టిందని, ఏ ఖర్చులూ దాన్ని పూడ్చవని వాదించాం.

రూల్ 18 పిటిషన్ వేయలేదు కాబట్టి నోటీసుకు విలువ లేదని అవతల నుంచి గట్టిగానే అన్నారు. రూల్ 15లోని ఆంక్ష దానంతట అదే నిలబడుతుందని, రూల్ 18 కాగితం చూసి తీరాలనుకునేవాడికి అదనపు దారి అని మా జవాబు.

మధ్యలో జడ్జి గారు, ‘అభ్యంతరానికి లోబడి మార్క్ చేసేద్దాం, తీర్పులో చూసుకుందాం’ అన్నారు. ఈ మాట వినగానే చాలామంది సరేనంటారు, అక్కడే దెబ్బతింటారు. ఆ పద్ధతికి మూలం 2001 నాటి బిపిన్ పంచాల్ కేసు. అది క్రిమినల్ విచారణలో, ఒక సాక్ష్యం చెల్లుతుందా లేదా అన్న అభ్యంతరాలతో ట్రయల్ ఆగిపోకూడదని చెప్పిన తీర్పు. రూల్ 1ఏలో ప్రశ్న అది కాదు. లీవ్ (కోర్టు అనుమతి) లేకుండా కాగితాన్ని తీసుకోకూడదని రూలే అంటున్నప్పుడు, ముందు లీవ్ తేలాలి, ఆ తర్వాతే మార్కింగ్. లీవ్ తేల్చకుండా బీ-సిరీస్ నంబరు (ప్రతివాది కాగితాలకు వేసేది) వేస్తే నిషేధానికి అర్థం ఉండదని నెమ్మదిగా చెప్పాం. జడ్జి గారు ఆర్డర్‌కు వాయిదా వేశారు.

ఆర్డర్

బ్యాంకు స్టేట్‌మెంటు వరకు అలౌ, మిగతా రెంటి వరకు డిస్మిస్. రసీదు మీద కోర్టు చెప్పిన కారణాల్లో ఆలస్యం చివర్న, ఒక వాక్యంలో వచ్చింది. ముందు చెప్పింది ప్రతివాదికి ఆ కాగితం సంగతి మొదటి నుంచీ తెలుసుననీ, నోటీసు ఇచ్చినా మౌనంగా ఉన్నాడనీ, క్రాస్‌లో దానికి పొసగని డిఫెన్సు పెట్టాడనీ. వెల్ల, ట్రంకు పెట్టె పేరాను కోర్టు నమ్మదగినదిగా చూడలేదు. లెక్కల పుస్తకానికి ప్లీడింగే లేదంది.

ఇంకో కోర్టయితే అయిదు వేలు ఖర్చులు వేసి మూడూ తీసుకుని ఉండేదేమో. ఈ ఫలితంలో నోటీసు కాపీ వాటా ఎంతో, క్రాస్ సజెషన్ వాటా ఎంతో విడదీసి చెప్పలేను కానీ, సజెషనే లేకపోతే నోటీసు ఒక్కటే నిలబెట్టేదని నేననుకోను.

ఆర్డర్ చేతికొచ్చాక ఒక చిన్న పని మిగిలింది, ఇది మర్చిపోతే గెలిచింది సగమే. డీడబ్ల్యూ1 (సాక్షిగా ప్రతివాది) చీఫ్ అఫిడవిట్‌లో రసీదును ‘బీ-2’ అని పిలుస్తూ, అందులో ఏముందో పూర్తిగా రాసేశారు. కాగితం ఆగినా ఆ పేరాలు రికార్డులో ఉంటే, రసీదు నోటి సాక్ష్యం రూపంలో లోపలికి వచ్చినట్టే. ఆ పేరాలను సాక్ష్యంగా పరిగణించొద్దని మెమో వేసి, డాకెట్ ఆర్డర్‌లో (ఆ రోజు కోర్టు ఫైల్లో రాసే ఆర్డర్) రాయించుకున్నాకే క్రాస్ మొదలుపెట్టాం.

ఇది కమర్షియల్ దావా అయి ఉంటే ఇంత చెమటోడ్చాల్సిన పని ఉండేది కాదు. 2015 కమర్షియల్ కోర్టుల చట్టం ఆ దావాలకు ఆర్డర్ 11ను పూర్తిగా తిరగరాసింది. తన దగ్గరున్న కాగితాలన్నీ, తన కేసుకు వ్యతిరేకమైనవైనా సరే, ప్రమాణం మీద బయటపెట్టాలి. పెట్టకపోతే సహేతుకమైన కారణం రుజువు చేస్తే తప్ప లీవ్ లేదు. 2021లో సుధీర్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, ఇన్వాయిస్‌లు బోలెడు ఉన్నాయి కాబట్టి ప్లెయింటుతో వేయలేదన్న కారణం చెల్లదంది. దావా నాటికి అసలు చేతిలోనే లేని కాగితాలకు మాత్రం ఆ కఠినమైన నియమం వర్తించదని కూడా చెప్పింది. అలాంటి కోర్టులో ట్రంకు పెట్టె కథకు ఆయుష్షు ఇంకా తక్కువ. 2018 సవరణ తర్వాత వివాదం విలువ 3 లక్షలుంటే చాలు కాబట్టి, వ్యాపారస్తుల దావాలు చూసేవాళ్లు ఈ తేడా మొదటి రోజే గుర్తుపెట్టుకోవాలి. మా దావా ఇద్దరు రైతుల మధ్య చేబదులు. అది ఆ చట్టంలోకి రాదు.

దొడ్డిదారి

ఆ ఆర్డర్ మీద రివిజన్ (పై కోర్టులో సవాలు) వేస్తారనుకున్నాం. వేయలేదు. పీడబ్ల్యూ1ను రీకాల్ చేయమని ఆర్డర్ 18 రూల్ 17 కింద కొత్త ఐఏ వేశారు. ఎత్తు తెలివైనదే. రూల్ 1ఏ సబ్‌రూల్ 4 ప్రకారం, వాది సాక్షుల్ని క్రాస్ చేయడానికి చూపించే కాగితాలకు లీవ్ అక్కర్లేదు. సాక్షులు వేరు, పార్టీ వేరు అన్న పాత వాదం కూడా 2023 డిసెంబరులో పోయింది. మహమ్మద్ అబ్దుల్ వహీద్ కేసులో సుప్రీంకోర్టు, బోనెక్కిన పార్టీని కూడా సాక్షితో సమానంగా చూసి, క్రాస్‌లో కాగితం చూపించి అడగొచ్చని తేల్చింది. ‘పీడబ్ల్యూ1ను మళ్లీ పిలవండి, ఈ సంతకం మీదేనా అని అడుగుతాం, లీవ్ గొడవే లేదు’ అన్నది వాళ్ల లెక్క.

ఆ తీర్పు మీద మాకేం తగాదా లేదు. క్రాస్ జరుగుతున్నప్పుడు చూపిస్తే ఆపేవాళ్లం కాదు, ఆపలేం కూడా. క్రాస్ ఎప్పుడో ముగిసింది. రూల్ 17 కోర్టు తన సందేహం తీర్చుకోవడానికి ఉన్న అధికారం. పార్టీలు తమ సాక్ష్యంలో ఖాళీలు పూడ్చుకోవడానికి అది కాదని 2011లో వేలుసామి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అదే తీర్పు, తగిన సందర్భంలో సెక్షన్ 151 కింద సాక్ష్యం తిరిగి తెరవొచ్చని కూడా అంది, దాన్ని దాచకుండా మేమే చదివి వినిపించాం. రసీదు గురించి ఒకసారి ఆర్డర్ అయ్యాక అదే రసీదును ఇంకో తలుపు నుంచి తేవడం ఆ తగిన సందర్భం కాదని వాదించాం. ఆ ఐఏ కూడా డిస్మిస్ అయింది.

డీడబ్ల్యూ1 క్రాస్‌లో రసీదు ఊసెత్తలేదు. ఎత్తితే మన చేత్తో మనమే దాన్ని లోపలికి పిలిచినట్టు. నోటు మీద సంతకం తనదేనని ఒప్పించడం, చీటీ ఎవరిది, ఎంత, ఎప్పుడు అంటే చెప్పలేకపోవడం, రిటెన్ స్టేట్‌మెంట్‌లో చీటీ మాటే లేదని అతని నోటే చెప్పించడం, అంతటితో కూర్చున్నాను. సంతకం ఒప్పుకున్నాక నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 118 చెప్పే ఊహ (నోటుకు ప్రతిఫలం ముట్టిందనే కోర్టు అనుకోవాలన్నది) మన పక్షానికి వచ్చింది. దాన్ని తిప్పికొట్టేందుకు అటువైపు ఏమీ మిగల్లేదు.

బ్యాంకు ద్వారా వచ్చిన రెండు మొత్తాలు పోగా మిగిలినదానికి, ప్లెయింటులో అడిగినట్టే, డిక్రీ అయింది. ప్రతివాది అప్పీలుకు వెళ్లాడు. డిక్రీ మొత్తంలో సగం డిపాజిట్ చేయాలన్న షరతుతో స్టే వచ్చింది. ట్రయల్‌లో రివిజన్ వేయకపోయినా నష్టపోయిందేమీ లేదు. సెక్షన్ 105 కింద ఆ ఐఏ ఆర్డర్ తప్పని అప్పీలు గ్రౌండ్స్‌లోనే అనొచ్చు, అన్నాడు. దాంతో పాటు, తీసుకోవాల్సిన సాక్ష్యాన్ని కింది కోర్టు నిరాకరించిందంటూ ఆర్డర్ 41 రూల్ 27 కింద రసీదును అదనపు సాక్ష్యంగా తీసుకోమని పిటిషన్ వేశాడు. దానికి వేసిన కౌంటర్లో పీడబ్ల్యూ1, పీడబ్ల్యూ2 డిపొజిషన్లు జతచేశాం. నోటు రాసిన పెద్దాయన ఇప్పుడు కోర్టుకు వచ్చే స్థితిలో లేరని మెడికల్ సర్టిఫికెట్ కూడా పెట్టాం. అప్పీలు, ఆ పిటిషన్ రెండూ కలిపి వినడానికి పోస్ట్ అయి ఉన్నాయి.